సగటు మనిషిని లెక్కగట్టిన కెట్లే

బీఎంఐ తెలియనివాళ్ళు మనలో ఎవరూ ఉండరు. కిలోల్లో ఉన్న బరువుని, మీటర్లలో ఉన్న ఎత్తు స్క్వేర్‌తో భాగిస్తే వచ్చే నంబర్. 1.70 మీటర్ల ఎత్తు, 65 కిలోల బరువు ఉంటే సుమారు 22.5. ఫోన్లో హెల్త్ యాప్ అడుగుతుంది, జిమ్‌లో చేరితే అడుగుతారు, ఇన్సూరెన్స్ ఫారంలో అడుగుతారు, హెల్త్ క్యాంప్ పెడితే స్లిప్ మీద రాసి చేతిలో పెడతారు. ఇఫ్-ఎల్స్ నేర్చుకునే వారంలో మనలో చాలామంది రాసిన ప్రోగ్రామ్ కూడా ఇదే.

ఇంతకీ ఈ ఫార్ములా ఎవరిది? ఎవరో డాక్టర్‌ది అయ్యుంటుంది అనుకుంటాం. కాదు. ఆయన ఒక లెక్కల మాస్టారు, పైగా నక్షత్రాలు చూసే ఖగోళ శాస్త్రవేత్త. పేరు అడాల్ఫ్ కెట్లే. స్పెల్లింగ్ చూస్తే క్వెటెలెట్ అని చదవాలనిపిస్తుంది కానీ ఫ్రెంచ్‌లో చివరి టీ పలకరు. ఆయన పోయి 150 ఏళ్లు దాటింది. మన బరువు ఎక్కువా తక్కువా అని చెప్పడానికి ఈ లెక్క కట్టలేదాయన. మరి దేనికి కట్టాడో తెలియాలంటే ఆయన జీవితం మొత్తం చూడాలి.

ఘెంట్ కుర్రాడు

కెట్లే 1796 ఫిబ్రవరి 22న ఘెంట్ నగరంలో పుట్టాడు. ఇవాళ ఆ ఊరు బెల్జియంలో ఉంది కానీ అప్పటికి బెల్జియం అనే దేశమే లేదు. అంతకుముందు ఏడాదే ఆ ప్రాంతాన్ని ఫ్రాన్స్ కలిపేసుకుంది. నెపోలియన్ పతనం తర్వాత అది నెదర్లాండ్స్ రాజు చేతికి వెళ్ళింది. 1830లో తిరుగుబాటు జరిగాక బెల్జియం అయింది. అంటే కెట్లే ఉన్నచోటే ఉండి మూడు దేశాల పౌరుడు అయ్యాడన్నమాట.

ఏడేళ్ల వయసులో తండ్రి పోయాడు. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది. అందుకే స్కూల్ చదువు అవ్వగానే 17 ఏళ్లకే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. 1815లో, 19 ఏళ్ల వయసులో, ఘెంట్ కాలేజీలో లెక్కల మాస్టారుగా చేరాడు. 19 అంటే మన వయసే. మనం క్లాసులో చివరి బెంచీ కోసం పోటీ పడుతున్నాం, ఆయన అప్పటికే బోర్డు దగ్గర నిలబడ్డాడు.

అలాగని పుట్టినప్పటి నుంచీ లెక్కల పిచ్చోడు అనుకోకండి. కుర్రతనంలో ఆయనకి ఇష్టమైనవి బొమ్మలు వెయ్యడం, కవిత్వం రాయడం. జెర్మినల్ డాండెలిన్ అనే స్నేహితుడితో కలిసి ఒక ఒపేరా రాస్తే దాన్ని ఘెంట్‌లో ఆడారు కూడా. ఈ డాండెలిన్ ఎవరో కాదు. కోన్‌ని అడ్డంగా కోస్తే ఎలిప్స్ ఎలా వస్తుందో లోపల రెండు గోళాలు పెట్టి చూపిస్తారు చూడండి, ఆ డాండెలిన్ స్ఫియర్స్ ఆయనవే. ఒక ఒపేరా రాసిన ఇద్దరూ చివరికి జామెట్రీ పుస్తకాల్లోకి ఎక్కారు. మన లిటరరీ క్లబ్ వాళ్ళం అప్పుడప్పుడూ గుర్తు చేసుకోవాల్సిన విషయం ఇది.

ఘెంట్‌లో కొత్తగా పెట్టిన యూనివర్సిటీలో గార్నియే అనే ప్రొఫెసర్ ఈయన్ని లెక్కల వైపు లాగాడు. 1819లో ఆ యూనివర్సిటీ ఇచ్చిన మొట్టమొదటి సైన్స్ డాక్టరేట్ కెట్లేకే వచ్చింది. అదే ఏడాది బ్రసెల్స్‌లో మాస్టారు ఉద్యోగం, మరుసటి ఏడాది అక్కడి అకాడమీలో సభ్యత్వం. అప్పటికి ఆయనకి పాతికేళ్లు కూడా లేవు.

నక్షత్రాల దగ్గర నేర్చుకున్న లెక్క

బ్రసెల్స్‌లో ఒక అబ్జర్వేటరీ కట్టించాలని కెట్లే ప్రభుత్వం వెంటపడ్డాడు. కట్టించాలంటే ముందు ఆ పని తెలియాలి కదా. అందుకని 1823 చివర్లో ఆయన్ని పారిస్ పంపించారు. అక్కడ అరాగో, బూవార్ లాంటి ఖగోళ శాస్త్రవేత్తల దగ్గర పరికరాలు వాడటం నేర్చుకున్నాడు. లాప్లేస్‌నీ, ఫోరియర్‌నీ కలిశాడు. మనకి ఎం-2లో ట్రాన్స్‌ఫార్మ్, సిరీస్ రూపంలో పరిచయమైన ఇద్దరినీ ఆయన మనుషులుగా చూశాడు.

పారిస్ నుంచి ఆయన తెచ్చుకున్న వాటిలో అతి ముఖ్యమైనది ప్రాబబిలిటీ. ఖగోళ శాస్త్రంలో ఒక పాత తలనొప్పి ఉండేది. ఒకే నక్షత్రం స్థానాన్ని పదిసార్లు కొలిస్తే పది రకాల నంబర్లు వస్తాయి. చెయ్యి వణకొచ్చు, అద్దం కాస్త వంగి ఉండొచ్చు, గాలి కదలొచ్చు. అప్పుడు నిజమైన స్థానం ఏది? ఆ కొలతలన్నిటినీ గ్రాఫ్ వేస్తే మధ్యలో గుట్టలా లేచి రెండు పక్కలా సమానంగా జారిపోయే ఆకారం వస్తుంది. అదే బెల్ కర్వ్. మధ్యలో ఉన్న సగటు నిజానికి దగ్గరగా ఉంటుంది, పక్కలకి చెదిరినవి కొలతలో దొర్లిన పొరపాట్లు. లాప్లేస్, గాస్ దీన్ని గణితంగా తీర్చిదిద్దారు.

ఈ లెక్కని నక్షత్రాల దగ్గరే ఎందుకు ఆపాలి, మనుషుల మీద కూడా వాడొచ్చు కదా అనుకోవడమే కెట్లే జీవితంలో పెద్ద మలుపు.

1825లో సెసిల్ కుర్తే అనే ఆమెతో పెళ్లయింది. ఆమె ఒక ఫ్రెంచ్ డాక్టర్ గారి అమ్మాయి. 1827లో అబ్జర్వేటరీ పని మొదలైంది. గోడలు పూర్తిగా లేవకముందే 1830 తిరుగుబాటు వచ్చిపడింది. సగం కట్టిన ఆ భవనాన్ని తిరుగుబాటు దళాలు కోటలా వాడుకున్నాయి. గొడవలన్నీ సద్దుమణిగాక 1832లో కెట్లే అందులోకి వెళ్ళాడు. మిగతా జీవితమంతా అక్కడే. అందులో కూర్చుని ఆకాశం ఒక్కటే చూడలేదు. ప్రతి ఏటా ఆగస్టులో ఉల్కలు ఎక్కువగా రాలతాయని గుర్తించినవాళ్ళలో ఆయన ఒకడు. లైలాక్ పూలు ఎప్పుడు పూస్తాయో చెప్పడానికి రోజువారీ సగటు ఉష్ణోగ్రతల స్క్వేర్లు కూడుకుంటూ పోయాడు. స్క్వేర్ చెయ్యడం ఆయనకి అలవాటైన పని!

నేరాల లెక్క

అప్పట్లో ఫ్రాన్స్ ప్రభుత్వం కోర్టు కేసుల వివరాలు ఏటా అచ్చు వెయ్యడం మొదలుపెట్టింది. కెట్లే వాటిని పక్కపక్కన పెట్టి చూసేసరికి ఒళ్ళు జలదరించే విషయం కనిపించింది. హత్యలు ఏటా దాదాపు అంతే సంఖ్యలో జరుగుతున్నాయి. కత్తితో ఎన్ని, తుపాకీతో ఎన్ని అనే వాటాలు కూడా పెద్దగా మారడం లేదు. ఒక్కో హత్యా ఎవరో ఒకరి కోపం, ఎవరో ఒకరి నిర్ణయం. అయినా దేశం మొత్తంగా చూస్తే కరెంటు బిల్లులా అంచనా వెయ్యొచ్చు.

దీన్నుంచి ఆయన తేల్చింది ఏంటంటే, నేరానికి కావలసిన పరిస్థితుల్ని సమాజం ముందే తయారుచేసి పెడుతుంది, నేరస్థుడు దాన్ని అమలు చేస్తాడంతే అని. 1831లో ఇది అచ్చయ్యాక చాలామంది మండిపడ్డారు. మరి మనిషికి సొంత ఇష్టం అంటూ ఏమీ లేదా అని. కెట్లే జవాబు తేలిక. ఈ లెక్కలు గుంపు గురించి చెప్తాయి, ఫలానా మనిషి రేపు ఏం చేస్తాడో చెప్పవు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

తక్కెడ దగ్గర

ఇదే సమయంలో ఆయన మనుషుల్ని కొలవడం మొదలుపెట్టాడు. ముందు ఎత్తు, తర్వాత బరువు. బరువు మీద రాసిన వ్యాసాన్ని 1832లో బ్రసెల్స్ అకాడమీకి సమర్పించాడు. బీఎంఐకి పుట్టిల్లు అదే.

అనాథ శిశువుల ఆశ్రమంలో అప్పుడే పుట్టిన పిల్లల్ని తూచారు. సగటున మగపిల్లల బరువు 3.20 కిలోలు, ఆడపిల్లలది 2.91 కిలోలు వచ్చింది. పుట్టిన మొదటి రెండు మూడు రోజులు బిడ్డ బరువు పెరగకపోగా కాస్త తగ్గుతుందని కూడా రాశాడు. పాప తూకం తగ్గిందని కొత్త తల్లిదండ్రులు కంగారుపడితే ఇవాళ్టికీ డాక్టర్లు చెప్పేది అదే. తర్వాత బడి పిల్లలు, సైనికులు, వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళు. పెద్దవాళ్ళని బట్టలతోనే తూచాల్సి వచ్చింది కాబట్టి బట్టల బరువు ఎంతో విడిగా లెక్కేసి తీసేశాడు. మగవాళ్ళకి మొత్తం బరువులో 18వ వంతు, ఆడవాళ్ళకి 24వ వంతు. అంత జాగ్రత్త.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎత్తు పెరిగితే బరువు ఎంత పెరగాలి? ఒక క్యూబ్ తీసుకోండి. ప్రతి వైపూ 10 శాతం పెంచితే ఘనపరిమాణం 33 శాతం పెరుగుతుంది. మనిషి కూడా అన్ని వైపులా ఒకేలా పెరిగితే బరువు ఎత్తు క్యూబ్‌తో పాటు పెరగాలి. 1.60 మీటర్ల మనిషి 60 కిలోలుంటే, 1.76 మీటర్ల మనిషి దాదాపు 80 కిలోలు ఉండాలి. కానీ కెట్లే దగ్గరున్న పట్టికల్లో అలా లేదు. ఎదిగిన మనుషుల్ని ఎత్తుల వారీగా పోల్చి చూస్తే బరువు దాదాపు ఎత్తు స్క్వేర్‌తో పెరుగుతోంది. అంటే మన 1.76 మీటర్ల మనిషికి 72.6 కిలోలు. పొడుగువాళ్ళు పొట్టివాళ్ళ జూమ్ చేసిన కాపీలు కారు, పొడుగు పెరిగినంతగా అడ్డం పెరగరు.

పెరిగే పిల్లల విషయంలో ఈ లెక్క వేరు. పుట్టిన మొదటి ఏడాది బరువు దాదాపు క్యూబ్ ప్రకారమే పోతుంది. మొత్తం ఎదుగుదలని ఒకే సూత్రంలో చెప్పాలంటే బరువు స్క్వేర్, ఎత్తు ఐదో పవర్ ఒకదానితో ఒకటి నడుస్తాయని రాశాడు. అంటే పవర్ రెండున్నర. తమాషా ఏంటంటే 2013లో ఆక్స్‌ఫర్డ్ గణితవేత్త నిక్ ట్రెఫెథెన్, బీఎంఐలో రెండు బదులు రెండున్నర పెడితే పొడుగువాళ్ళకీ పొట్టివాళ్ళకీ అన్యాయం తగ్గుతుందని కొత్త ఫార్ములా ప్రతిపాదించాడు. 180 ఏళ్ల తర్వాత కూడా ఈ పవర్ గొడవ తేలలేదు.

ఆ వ్యాసంలో ఎక్కడా లావు, సన్నం అనే గీతలు లేవు. ఇంత దాటితే జబ్బు అనే హద్దులు లేవు. ఒక మనిషిని ముందు కూర్చోబెట్టుకుని ఆ నంబర్ లెక్కేసే ఉద్దేశమే లేదు. జనం మొత్తంగా ఎలా పెరుగుతారు అన్నదే ఆయనకి కావాలి.

సగటు మనిషి

1835లో వీటన్నిటినీ కలిపి పారిస్‌లో రెండు భాగాల పుస్తకం వేశాడు. మనిషి గురించీ, అతని శక్తుల ఎదుగుదల గురించీ రాసిన ఈ పుస్తకానికి సోషల్ ఫిజిక్స్ అనే అర్థం వచ్చే ఉపశీర్షిక పెట్టాడు. అందులో హీరో ఒక ఊహా వ్యక్తి. సగటు మనిషి. గ్రహాలకి గురుత్వ కేంద్రం ఎలాగో సమాజానికి ఈ సగటు మనిషి అలాగ. అందరి ఎత్తు, బరువు, బలం, పెళ్లి వయసు, నేరం చేసే అవకాశం అన్నిటి సగటూ వేసి ఒక్క మనిషిగా పోత పోస్తే వచ్చేవాడు.

పదేళ్ల తర్వాత ఇంకో అడుగు వేశాడు. స్కాట్లాండ్ సైనికుల ఛాతీ కొలతలు 5,738 ఒక వైద్య పత్రికలో దొరికాయి. సగటు 40 అంగుళాల దగ్గర. గ్రాఫ్ వేస్తే బెల్ కర్వ్! నక్షత్రం కొలతల్లో పొరపాట్లకి వచ్చే ఆకారమే మనుషుల ఛాతీలకీ వచ్చింది. కెట్లే ఒక పోలిక చెప్పాడు. ఒక శిల్పాన్ని వెయ్యిసార్లు కొలిస్తే కొలతలు ఎలా చెదురుతాయో, వెయ్యిమంది మనుషుల కొలతలూ అలాగే చెదిరి ఉన్నాయి. అంటే ప్రకృతి దగ్గర ఒకే నమూనా ఉంది, దాన్ని అచ్చు పోస్తున్నప్పుడు చిన్న చిన్న పొరపాట్లు దొర్లి మనమందరం పుడుతున్నాం అని ఆయన నమ్మకం.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. నక్షత్రం నిజంగా ఒక్కటే. దాన్ని తప్పుగా కొలవొచ్చు. కానీ పొట్టివాడు తప్పుగా కొలిచిన పొడుగువాడు కాదు కదా! కెట్లే మాత్రం సగటునే అందానికీ ఆరోగ్యానికీ ఆదర్శంగా పెట్టేశాడు, దానికి బాగా దూరమైతే వైకల్యమో జబ్బో అన్నాడు. ఆయన రాసిన ఫార్ములా కంటే ఈ ఆలోచనే ఎక్కువ దూరం ప్రయాణించింది అనిపిస్తుంది నాకు. ఇవాళ చార్ట్‌లో మధ్య గడికి పచ్చ రంగు, పక్క గడులకి ఎరుపు రంగు వేస్తున్నామంటే దాని వెనక ఈ నమ్మకం ఎంతో కొంత ఉంది.

ఆ రోజుల్లోనే కూర్నో అనే ఫ్రెంచ్ గణితవేత్త దీనికి చక్కటి అడ్డుపుల్ల వేశాడు. లంబకోణ త్రిభుజాలు కొన్ని తీసుకుని భుజాల సగటు వేస్తే వచ్చే త్రిభుజం లంబకోణ త్రిభుజం అవ్వాలని లేదు. మనమే చూసుకోవచ్చు. 3-4-5, 5-12-13 తీసుకోండి. సగటు 4-8-9. నాలుగు స్క్వేర్, ఎనిమిది స్క్వేర్ కలిపితే 80, తొమ్మిది స్క్వేర్ 81. పోయింది. అలాగే సగటు గుండె, సగటు కాళ్ళు, సగటు బరువు అన్నీ కలిపి తయారుచేసిన మనిషి అసలు బతకగలడా అన్నది ప్రశ్న.

అబద్ధం దొరికింది, మనిషి దొరకలేదు

కెట్లే లెక్కల్లో నాకు బాగా నచ్చింది ఫ్రెంచ్ సైన్యం కథ. లక్షమంది కుర్రాళ్ళ ఎత్తుల పట్టిక ఆయన దగ్గరకి వచ్చింది. అప్పట్లో 1.57 మీటర్ల కన్నా తక్కువ ఎత్తుంటే సైన్యంలోకి తీసుకోరు. పట్టికని బెల్ కర్వ్‌తో పోలిస్తే ఆ గీతకి కాస్త కింద ఉండాల్సిన దానికన్నా జనం ఎక్కువ ఉన్నారు, గీతకి కాస్త పైన తక్కువ ఉన్నారు. అంటే సుమారు 2,000 మంది ఏదో మాయ చేసి పొట్టివాళ్ళుగా నమోదై తప్పించుకున్నారు! మోకాళ్ళు వంచారో, కొలిచేవాడికి ఏమైనా ముట్టజెప్పారో మరి.

ఆఫీసు గదిలో కూర్చుని ఆ మోసాన్ని పట్టుకున్నాడు. అయితే ఆ రెండు వేల మందిలో ఒక్కడి పేరు కూడా ఆయన చెప్పలేడు. 1.56 అని రాసి ఉన్న ఫలానా కుర్రాడు నిజంగా పొట్టివాడా, దొంగా అని అడిగితే ఆ గ్రాఫ్ దగ్గర జవాబు లేదు. లక్షమంది గురించి కచ్చితంగా చెప్పగలిగిన లెక్క ఒక్కడి గురించి నోరు విప్పదు. బీఎంఐ కూడా అదే లెక్కల మాస్టారు చేతిలోంచి వచ్చింది.

ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు

కెట్లే ఒంటరి మేధావి కాదు, మహా కలుపుగోలు మనిషి. 1829లో జర్మనీ వెళ్ళి గోథేని కలిసి, ఆయన 80వ పుట్టినరోజు సమయంలో వైమార్‌లోనే ఉన్నాడు. తర్వాత విక్టోరియా రాణిని పెళ్ళాడిన ఆల్బర్ట్, కుర్రాడిగా ఉన్నప్పుడు బ్రసెల్స్‌లో ఈయన దగ్గర పాఠాలు నేర్చుకున్నాడు. 1833లో ఇంగ్లండ్ వెళ్ళి అక్కడివాళ్ళని స్టాటిస్టిక్స్ కోసం ఒక విభాగం పెట్టేలా కదిలించాడు. మరుసటి ఏడాది లండన్‌లో స్టాటిస్టికల్ సొసైటీ పుట్టింది. 1853లో మొదటి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ మహాసభ బ్రసెల్స్‌లో జరిగింది, నడిపించింది ఈయనే. దేశదేశాల లెక్కలు ఒకదానితో ఒకటి పోల్చేలా ఉండాలన్నది ఆయన పట్టుదల.

మన బ్రాంచ్ వాళ్ళకి ఇంకో ముచ్చట. చార్లెస్ బాబేజ్ ఈయన స్నేహితుడు. 1835లో బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్ ఆలోచన గురించి కెట్లేకి ఉత్తరం రాస్తే ఆ సంగతి బ్రసెల్స్ అకాడమీ పత్రికలో అచ్చయింది. కంప్యూటర్ అనే ఊహ బయట ప్రపంచానికి తెలిసిన మొదటి సందర్భాల్లో అదొకటి. ఫ్లోరెన్స్ నైటింగేల్‌కి కెట్లే అంటే గురుభావం. ఆసుపత్రి మరణాల గ్రాఫులతో ప్రభుత్వంతో పోట్లాడిన ఆవిడ, ఆయన పుస్తకాన్ని మార్జిన్ల నిండా నోట్స్ రాసుకుంటూ చదివింది. మ్యాక్స్‌వెల్ కూడా కెట్లే పుస్తకం మీద వచ్చిన ఒక సమీక్ష చదివాకే గ్యాస్ అణువుల వేగాలకి ఇదే రకం కర్వ్ వాడాడని చరిత్రకారులు అంటారు. ఇంకో పక్క గాల్టన్ ఇదే కర్వ్‌ని తీసుకుని, సగటుని వదిలేసి, పైచివర ఉన్నవాళ్ళే గొప్పవాళ్ళు, వాళ్ళ సంతానాన్నే పెంచాలి అనే యూజెనిక్స్ దారి పట్టాడు. ఒకే పనిముట్టు ఎవరి చేతిలో పడితే వాళ్ళ బుద్ధిని బట్టి పనిచేసింది.

1855లో కెట్లేకి పక్షవాతం లాంటి జబ్బు చేసింది. ప్రాణం దక్కింది కానీ జ్ఞాపకశక్తి బాగా దెబ్బతింది. మూడేళ్లకి భార్య పోయింది. అబ్జర్వేటరీ పనిలో కొడుకు ఎర్నెస్ట్ సాయపడ్డాడు. ఆ స్థితిలో కూడా రాయడం మానలేదు, మనిషి శరీర కొలతల మీద ఆంత్రోపొమెట్రీ అనే పెద్ద పుస్తకం వేశాడు. 1874 ఫిబ్రవరి 17న, 78వ పుట్టినరోజుకి ఐదు రోజుల ముందు, బ్రసెల్స్‌లో చనిపోయాడు. అకాడమీ భవనం దగ్గర ఆయన విగ్రహం ఇప్పటికీ ఉంది.

చచ్చిపోయాక వచ్చిన ఉద్యోగం

ఆయన పోయాక దాదాపు వందేళ్లు ఆ ఫార్ములాని జనం పెద్దగా పట్టించుకోలేదు. బరువు గురించి కంగారుపడింది ముందు డాక్టర్లు కాదు, ఇన్సూరెన్స్ కంపెనీలు. ఎవరు తొందరగా పోతారో తెలిస్తే ప్రీమియం సరిగ్గా పెట్టొచ్చు. అమెరికాలో మెట్రోపాలిటన్ లైఫ్ కంపెనీ 1940లలో ఎత్తుకి తగ్గ బరువు పట్టికలు వేసింది. పాలసీ కొన్నవాళ్ళ కొలతలే అందులో ఆధారం. కెట్లే బట్టల బరువు తీసేసి లెక్కపెడితే ఆ పట్టికల్లో బట్టలు, బూట్లతో సహా బరువులుండేవి.

ఆ పట్టికలు నచ్చక అమెరికా శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ 1972లో ఐదు దేశాల నుంచి ఏడు వేలకి పైగా మగవాళ్ళ కొలతలు తీసుకుని రకరకాల ఫార్ములాలు పరీక్షించాడు. బరువుని ఎత్తు స్క్వేర్‌తో భాగించే కెట్లే లెక్కే మిగతావాటి కన్నా తీసిపోలేదని తేలింది. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాడు. ఆయన కూడా దాన్ని జనాభా అధ్యయనాల కోసమే సిఫార్సు చేశాడు. కానీ లెక్క తేలిక, ఖర్చు లేదు, కాటా, టేపు ఉంటే చాలు. అందుకే నెమ్మదిగా ఒక్కొక్కరి ఫైల్లోకి దిగిపోయింది. 1998లో అమెరికా ప్రభుత్వ వైద్య సంస్థ ఓవర్‌వెయిట్ హద్దుని 25కి దించితే రాత్రికి రాత్రే రెండు కోట్లకి పైగా అమెరికన్లు ఓవర్‌వెయిట్ అయ్యారు. వాళ్ళలో ఒక్కరి బరువూ ఆ రాత్రి పెరగలేదు.

మన సంగతి ఇంకా మెలిక. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారి ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు దాచుకునే శరీరాలు మనవి. షుగర్ కూడా తక్కువ బరువులోనే పట్టుకుంటుంది. అందుకే 2009లో మన దేశపు డాక్టర్లు భారతీయులకి హద్దులు మార్చారు. 23 నుంచి ఓవర్‌వెయిట్, 25 నుంచి ఊబకాయం. నడుము చుట్టుకొలత కూడా చూడమన్నారు, మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 హద్దు. మన ఫోన్లలో చాలా యాప్‌లు ఇప్పటికీ 25 దగ్గరే గీత గీస్తాయి.

కెట్లే కోరుకున్నట్టు ఈ లెక్కని వాడినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో 1972 నుంచి దశాబ్దాల పాటు పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి ఎత్తు, బరువు, తిండి లెక్కలు తీశారు. 18.5 కన్నా తక్కువ బీఎంఐ ఉన్న పెద్దవాళ్ళు ఒక ప్రాంతంలో ఎక్కువమంది ఉంటే అక్కడ జనానికి ఏళ్ల తరబడి తిండి చాలడం లేదని అర్థం. ఇది ఎవరినీ వేలెత్తి చూపించదు. ఫలానా ఊళ్ళో ఫలానా వ్యక్తి సన్నగా ఉండటం ఆయన తత్వమో కాదో చెప్పదు. కానీ జిల్లా మొత్తం సన్నబడుతుంటే రేషన్ గురించి, కూలి రేట్ల గురించి ప్రభుత్వాన్ని గట్టిగా అడగడానికి ఆధారం ఇస్తుంది. లక్షమంది ఎత్తుల్లోంచి మోసం బయటపడినట్టే, వేలమంది బరువుల్లోంచి ఆకలి బయటపడుతుంది.

మన హాస్టళ్లలో జరిగేది దీనికి పూర్తిగా రివర్స్. నా ఫ్రెండ్ ఒకమ్మాయి, ఒక హెల్త్ క్యాంప్ స్లిప్ మీద ఓవర్‌వెయిట్ అని చూసుకుని మూడు వారాలు రాత్రి భోజనం మానేసింది. ల్యాబ్‌లో కళ్ళు తిరిగి కూర్చుండిపోయే దాకా ఎవరికీ చెప్పలేదు. కబడ్డీ ఆడే అమ్మాయి, తొడల నిండా కండ. ఆ స్లిప్ ఆ కండనీ కొవ్వునీ ఒకే కాటా మీద పెట్టింది. అదే క్యాంప్‌లో నార్మల్ అని రాయించుకున్న ఇంకో అబ్బాయి, వాళ్ళ ఇంట్లో అందరికీ షుగర్ ఉన్నా, నార్మలే కదా అని ఇప్పటికీ టెస్ట్ చేయించుకోలేదు. ఒకే నంబర్ ఒకరిని అనవసరంగా భయపెట్టింది, ఇంకొకరిని అనవసరంగా నిద్రపుచ్చింది.

అలాగని బీఎంఐని చెత్తబుట్టలో వెయ్యమని కాదు. కాటా ఎక్కండి, ఎత్తు కొలుచుకోండి, నంబర్ రాసుకోండి. టేపుతో నడుము కూడా కొలుచుకోండి. ఇంట్లో ఎవరికి షుగర్, ఎవరికి బీపీ అని అమ్మనో నాన్ననో అడగండి. ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరకి వెళ్ళండి, చార్ట్ చూసుకుని తిండి మానకండి. కెట్లే గారు ఇప్పుడుంటే మన కాలేజీ మొత్తాన్నీ వరసగా నిలబెట్టి తూచేవాడు, ఎంతో ముచ్చటపడి గ్రాఫ్ కూడా వేసేవాడు. కానీ ఆ వరసలో మీ ఒక్కరి ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, ఫ్రెంచ్ కుర్రాళ్ళ విషయంలో లాగే, ఆ గ్రాఫ్‌లోంచి ఏమీ చెప్పలేకపోయేవాడు.